లెన్స్ పెట్టుకునే కన్ను ఎర్రబడితే దాన్ని మద్రాస్ ఐ అనుకోవద్దు

నువ్వు రాసినదాంట్లో ముఖ్యమైనవి ముందు ఒకసారి చెప్తాను, చదివే మిగతావాళ్లకూ అర్థమవుతుంది. చెన్నై ఓఎంఆర్‌లో ఉద్యోగం, అక్కడే తొరైపాక్కంలో పీజీ. రెండు కళ్లకూ మైనస్ నాలుగున్నర, నెలకోసారి మార్చే మెత్తటి లెన్సులు. నాలుగు రోజుల కిందట నైట్ షిఫ్ట్ నుంచి వచ్చి లెన్సులతోనే నిద్రపోయావు. లేచేసరికి కుడి కన్ను ఎర్రగా ఉంది, ఇసుక పడ్డట్టు గరగర. రూమ్మేట్ మద్రాస్ ఐ అంది, అంటే కండ్లకలక. కింద మెడికల్ షాపులో అడిగితే ఏవో చుక్కలు ఇచ్చారు. వేసిన రోజు కాస్త తెరిపి ఇచ్చింది, నిన్నటి నుంచి పోటు ఎక్కువైంది, ట్యూబ్‌లైట్ వైపు కూడా చూడలేకపోతున్నావు, అద్దంలో చూసుకుంటే నల్లగుడ్డు మీద ఆవగింజంత తెల్ల చుక్క కనిపించింది. పై ఆదివారం నెల్లూరులో పిన్ని కూతురి పెళ్లి, అప్పటికి లెన్సులు పెట్టుకోవచ్చా అని అడిగావు.

తల్లీ, నువ్వు అంటున్నందుకు ఏమీ అనుకోవద్దు, మా అమ్మాయిదీ నీ వయసే. పెళ్లి సంగతి తర్వాత చూద్దాం. ఈ ఒక్క పేరా చదివి ఫోన్ పక్కన పెట్టి కంటి ఆసుపత్రికి బయల్దేరు. రేపు పొద్దున కాదు, ఆఫీసుకు సెలవు దొరికాక కాదు, ఇప్పుడే. మామూలు కళ్లద్దాల షాపుకు కాదు, కార్నియా, అంటే నల్లగుడ్డు మీది పారదర్శకమైన పొర, దాన్ని చూసే డాక్టర్ ఉండి, కంటి నుంచి శాంపిల్ తీసి పరీక్ష చేసే ల్యాబ్ ఉన్న ఆసుపత్రికి. చెన్నైలో అలాంటివి చాలానే ఉన్నాయి, డబ్బు ఇబ్బంది అయితే ఎగ్మోర్‌లో ప్రభుత్వ కంటి ఆసుపత్రి ఉంది, 1819 నుంచి కళ్లే చూస్తున్న చోటు అది. రెండో కంటికి లెన్స్ ఉంటే అదీ తీసెయ్. ఆ షాపు చుక్కలు ఇంకొక్కటి కూడా వెయ్యకు, కానీ సీసా వెంట తీసుకెళ్లు. తీసిన లెన్సులు, లెన్స్ డబ్బా, లెన్సులు నానబెట్టే సొల్యూషన్ సీసా కూడా తీసుకెళ్లు. డబ్బా కడగొద్దు, అందులో ఉన్నది పారబొయ్యొద్దు, మురికిగా ఉంది డాక్టర్ ఏమనుకుంటారో అని సిగ్గుపడొద్దు, ఆ మురికిలోనే జవాబు ఉండొచ్చు. కంటికి గుడ్డ కట్టొద్దు, కుళాయి నీళ్లతో కడగొద్దు. వెలుతురు తట్టుకోలేకపోతే నల్ల కళ్లద్దాలు పెట్టుకుని ఆటో ఎక్కు, రూమ్మేట్‌ని తోడు తీసుకెళ్లు.

మిగతాది అక్కడ టోకెన్ తీసుకుని కూర్చున్నప్పుడు ఆమెతో చదివించుకో.

నేను డాక్టర్‌ని కాదు, ఆప్టోమెట్రిస్ట్‌ని, అంటే చూపు కొలిచి కళ్లద్దాలు, లెన్సులు ఇచ్చేదాన్ని. చెన్నైలో 20 ఏళ్లకు పైగా లెన్సులు అమర్చే పనే చేస్తున్నాను. నెల్లూరు, గూడూరు, సూళ్లూరుపేట, తిరుపతి నుంచి రైలెక్కి వచ్చే మనవాళ్లు నా దగ్గర రోజూ ఉంటారు. డాక్టర్‌ని కాను కాబట్టి నీ కంట్లో ఏముందో నేను ఇక్కడి నుంచి తేల్చి చెప్పలేను. కానీ లెన్స్ అలవాటు, నొప్పి, వెలుతురు పడకపోవడం, తెల్ల చుక్క, ఈ నాలుగూ ఒకే కంట్లో కలిశాయంటే, కాదని డాక్టర్ తేల్చేదాకా దాన్ని నల్లగుడ్డు మీద పుండుగానే లెక్కపెట్టాలి. కార్నియల్ అల్సర్ అంటారే, అది.

మద్రాస్ ఐ అన్న మాట ఇక్కడ ఎన్ని కళ్లు పోగొట్టిందో నాకు తెలుసు. మనం కండ్లకలక అంటాం, 1918లో ఇదే ఎగ్మోర్ ఆసుపత్రిలో గుర్తించారు కాబట్టి దానికి ఈ ఊరి పేరు పడింది. ఇప్పుడు వానల కాలం, చెన్నైలో ఎవరి కన్ను ఎర్రబడినా అందరి నోటా అదే మాట. కండ్లకలక సాధారణంగా తెల్లగుడ్డు మీది పల్చటి పొరకు వచ్చే జబ్బు. ఒక కంట్లో మొదలై రెండో కంటికి పాకుతుంది, పొద్దున లేచేసరికి పుసి కట్టి రెప్పలు అతుక్కుంటాయి, ఇంట్లో ఇంకొకరికి కూడా ఉంటుంది, దురద, మంట ఉంటాయి గాని కళ్లు తుడుచుకుంటే చూపు బాగానే ఉంటుంది. నీకు ఒక్క కన్నే, పీజీలో ఇంకెవరికీ లేదు, చూపు మసకేసింది, లోపలి నుంచి పొడుస్తున్నట్టు నొప్పి. ఇది వేరే దారి. కండ్లకలక వారం పదిరోజుల్లో చాలామందికి దానంతట అదే పోతుంది. పుండు అలా పోదు.

నల్లగుడ్డు అని మనం పిలిచేది నిజానికి నల్లగా ఉండదు. దాని మీద గడియారం అద్దంలాగా ఒక పారదర్శకమైన పొర ఉంటుంది, అదే కార్నియా, మధ్యలో మందం సుమారు అర మిల్లీమీటరు. వెలుతురు సాఫీగా లోపలికి పోవాలి కాబట్టి అందులో రక్తనాళాలు ఉండవు. రక్తనాళాలు లేవంటే రక్షణకు రావాల్సిన తెల్ల రక్తకణాలు కూడా అంచు నుంచి, కన్నీటి నుంచి మెల్లగా రావాల్సిందే. దాని పైపొర చాలా పల్చన, అయినా సూక్ష్మజీవులకు అదే పెద్ద గోడ. అది గీసుకుపోతే ఒకటి రెండు రోజుల్లో మచ్చ లేకుండా మానిపోతుంది కూడా. కానీ ఆ గీత మానేలోపు దాని గుండా సూక్ష్మజీవి కింది పొరలోకి దిగితే, అక్కడ మానినా తెల్లటి మచ్చ మిగులుతుంది. మన పెద్దవాళ్లు కంట్లో పువ్వు పడింది అనేది ఆ మచ్చనే. పువ్వు పక్కకు ఉంటే బతుకు గడిచిపోతుంది, చూపు దారికి అడ్డంగా నట్టనడుమ పడితే వేలెత్తి చూపిస్తే లెక్కపెట్టడం కూడా కష్టమవుతుంది.

నేను ఎందుకు ఇంత గట్టిగా తొందరపెడుతున్నానో చెప్తాను. పనిలో చేరిన రెండో ఏడాది, ఒక శుక్రవారం సాయంత్రం క్లినిక్ మూసే వేళకి ఫోన్ వచ్చింది. గూడూరు కుర్రాడు, ఇక్కడ ఇంజనీరింగ్ చదువుతున్నాడు, లెన్సులు నేనే అమర్చాను. కన్ను ఎర్రగా ఉందక్కా, నీళ్లు కారుతున్నాయి అన్నాడు. లెన్స్ తీసేసి పెట్టు నాన్నా, సోమవారం రా, చూస్తాను అన్నాను. అంతే అన్నాను. శనివారం వాళ్లమ్మ రైల్లో వచ్చిందట, ఇంటి చెట్టు నందివర్ధనం పూలు కోసుకొచ్చి చల్లదనానికి కంటి మీద పెట్టిందట. సోమవారం ఆమె చెయ్యి పట్టుకుని వచ్చాడు. మైక్రోస్కోపు కింద చూస్తే నల్లగుడ్డు నడుమ పసుపు తెలుపు కలిసిన పుండు, దాని వెనక కంటి లోపల అడుగున చీము గీత కట్టి నిలబడి ఉంది. శుక్రవారం సాయంత్రానికి సోమవారం పొద్దుటికి మధ్య అరవై గంటలు. ల్యాబ్‌లో సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా అని తేలింది. కన్ను నిలిచింది, కానీ నడుమ పువ్వు పడింది, రెండేళ్ల తర్వాత కార్నియా మార్పిడి చేయించుకోవాల్సి వచ్చింది. ఆ తల్లి నన్ను ఒక్క మాట అనలేదు. ఆ రోజు నుంచి లెన్స్ పెట్టుకునేవాళ్లు ఎవరు ఫోన్ చేసి కన్ను ఎర్రబడింది అన్నా, ఎన్ని గంటలైనా, ఆ రోజే చూపించుకోమని చెప్తాను.

సూడోమోనాస్ అంటే ఎక్కడో ఆసుపత్రిలో ఉండే వింత జీవి కాదు. తడి ఉన్న ప్రతిచోటా ఉంటుంది, సింకులో, మగ్గులో, షవర్ రంధ్రాల్లో. లెన్స్ వల్ల వచ్చే పుండ్లలో ఎక్కువసార్లు కనిపించేది ఇదే. ఇది వదిలే ఎంజైములు కార్నియాను కరిగించేస్తాయి, అందుకే ఒకటి రెండు రోజుల్లోనే కన్ను ఆ స్థితికి వస్తుంది. కంటికి గుడ్డ కట్టొద్దు అన్నది కూడా అందుకే, మూసి పెట్టిన వెచ్చదనంలో అది ఇంకా త్వరగా పెరుగుతుంది.

ఇప్పుడు లెన్స్‌తో నిద్రపోవడం గురించి. ఒక్క రాత్రికే ఏమవుతుంది, ఫ్రెండ్స్ అందరూ పడుకుంటారు కదా అని చాలామంది అడుగుతారు. కార్నియా ఊపిరి గాలి నుంచి పీల్చుకుంటుంది, కన్నీటి పొర గుండా. రెప్ప మూస్తే అందే ఆక్సిజన్ మూడో వంతుకు పడిపోతుంది, దాని మీద లెన్స్ కప్పితే ఇంకా తక్కువ. పైగా రెప్ప కొట్టుకోదు కాబట్టి కన్నీరు కదలదు, లెన్స్ కిందకు చేరినది అక్కడే కూర్చుంటుంది. ఊపిరాడని పైపొర ఉబ్బి బలహీనపడుతుంది. 1989లో అమెరికాలో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం ఈ లెక్క తీసింది. పగలు మాత్రమే పెట్టుకుని రాత్రి తీసేసేవాళ్లలో 10,000 మందికి ఏడాదికి దాదాపు నలుగురికి పుండు వస్తే, రాత్రుళ్లు కూడా ఉంచుకునే రకం లెన్సులు వాడేవాళ్లలో దాదాపు 20 మందికి వచ్చింది. తర్వాత ఆక్సిజన్ ఎక్కువ పంపే సిలికాన్ హైడ్రోజెల్ లెన్సులు వచ్చాయి, ఇక భయం లేదనుకున్నారు, కానీ 2008లో ఆస్ట్రేలియాలో లెక్కపెడితే రాత్రి ఉంచుకునేవాళ్లలో అంకె ఏమీ తగ్గలేదు. అంటే ఆక్సిజన్ ఒక్కటే కారణం కాదన్నమాట. ఆ అంకెలు చూసి భయపడి లెన్సులు మానేయమని కాదు నేను చెప్పేది, జాగ్రత్తగా వాడేవాళ్లకు పుండు రావడం అరుదే. ఆ అరుదు ఎక్కువ కావడానికి మనం చేసే పనులు నాలుగైదే, అందులో నిద్ర మొదటిది.

రెండోది నీళ్లు. దీని గురించి ఎంత చెప్పినా నాకు తనివి తీరదు.

లెన్స్ డబ్బాను రోజూ కుళాయి కింద కడిగి ఆరబెడుతున్నాను, శుభ్రంగానే ఉంచుకున్నాను అని రాశావు. శుభ్రం అనుకునే ఆ పనే అసలు ప్రమాదం. మీ పీజీలో కుళాయి నీళ్లు ఎక్కడివో ఒక్కసారి ఆలోచించు. మెట్రో వాటర్ కొంత, బోరు కొంత, వేసవిలో ట్యాంకరు. అవన్నీ కలిసి సంపులో పడతాయి, అక్కడి నుంచి మేడ మీద ట్యాంకుకు ఎక్కుతాయి, ఆ ట్యాంకు అడుగున బురద చివరిసారి ఎప్పుడు తీశారో వాచ్‌మన్‌కు కూడా తెలియదు. 2019 వేసవిలో చెరువులు ఎండిపోయి ఊరంతా ట్యాంకర్ల మీద బతికిన రోజులు ఇక్కడున్న మనందరికీ గుర్తే. ఆ నీళ్లలో స్నానం చేస్తే మనకు ఏమీ కాదు. కానీ మట్టిలో, నీళ్లలో స్వేచ్ఛగా బతికే అకాంతమీబా అనే ఏకకణ జీవి ట్యాంకు గోడలకు పట్టిన జారుడు పొరలో బ్యాక్టీరియాను తింటూ ఉంటుంది. పరిస్థితి బాగోకపోతే రెండు పొరల గట్టి పెంకు కట్టుకుని లోపల ముడుచుకుపోతుంది, మామూలుగా నీళ్లలో కలిపే క్లోరిన్ ఆ పెంకును ఏమీ చేయలేదు. లెన్స్ డబ్బాలో కూడా అదే జారుడు పొర పడుతుంది, దానికి అక్కడ తిండి సిద్ధంగా ఉంటుంది. అక్కడి నుంచి లెన్స్‌కు అంటుకుని కంట్లోకి వస్తుంది. బ్రిటన్‌లో ఈ జబ్బు ఎందుకు ఎక్కువ అని వెతికితే దొరికిన కారణాల్లో ఒకటి ఇంటి పైకప్పు కింద పెట్టుకునే నీళ్ల ట్యాంకులు. మన ఊళ్లో ప్రతి మేడ మీదా ట్యాంకే కదా.

ఆర్‌ఓ నీళ్లు, మినరల్ వాటర్ బాటిల్, కాచి చల్లార్చిన నీళ్లు వాడొచ్చా అని అడుగుతారు. వద్దు. లెన్స్‌కు గాని డబ్బాకు గాని నీళ్లే తగలకూడదు, అది ఏ నీరైనా సరే. ఉప్పు నీళ్లు ఇంట్లో కలుపుకుని వాడడం కూడా వద్దు. ఉమ్మితో తడిపి పెట్టుకునేవాళ్లను కూడా చూశాను. లెన్స్‌తో షవర్ కింద తల తడపొద్దు, ఈత కొలనులో దిగొద్దు, బెసెంట్ నగర్‌లో అలల్లో ఆడాలంటే లెన్సులు తీసేసి వెళ్లాలి.

అకాంతమీబా గుర్తుపట్టడం కష్టం. కంటికి కనిపించే దానికంటే నొప్పి ఎన్నో రెట్లు ఎక్కువ ఉంటుంది, ఎందుకంటే అది కార్నియాలోని నరాల వెంట పాకుతుంది. మొదట్లో చూడ్డానికి హెర్పిస్ వైరస్ పుండులాగే ఉంటుంది. నా దగ్గరికి వచ్చిన ఒక అమ్మాయికి వేరే చోట ఆరు వారాలు హెర్పిస్ మందులే వేశారు, తప్పు పట్టడం లేదు, చాలాచోట్ల అలా జరుగుతుంది. ఆ అమ్మాయి లెన్సులు వాడుతుందని అక్కడ అడగలేదు, తనూ చెప్పలేదు. అందుకే ఏ డాక్టర్ దగ్గరికి వెళ్లినా నోరు తెరిచి మొదట చెప్పాల్సిన మాట, నేను లెన్సులు పెట్టుకుంటాను అని. ఒకటి మాత్రం నిజం, మన దేశంలో అకాంతమీబా సోకేవాళ్లలో ఎక్కువమంది లెన్సులు అసలు వాడనివాళ్లే, పొలంలో మట్టో బురద నీళ్లో కంట్లో పడినవాళ్లు. ఆ మాటకొస్తే మన దక్షిణాదిలో కంటి పుండు అంటేనే వరి కోతల్లో ఆకు కోసుకోవడం, కంట్లో గడ్డి పరక గుచ్చుకోవడం, వాటితో వచ్చేదే ఎక్కువ, వాటిలో బూజు వల్ల వచ్చేవి దాదాపు బ్యాక్టీరియావి ఎన్ని ఉంటాయో అన్ని ఉంటాయి.

బూజు లెన్స్‌వాళ్లకూ వస్తుంది. 2006లో బాష్ అండ్ లాంబ్ వాళ్లు రెన్యూ విత్ మాయిశ్చర్‌లాక్ అనే సొల్యూషన్‌ను ప్రపంచమంతటా వెనక్కి తీసుకున్నారు, అమెరికాలో, సింగపూర్‌లో, హాంకాంగ్‌లో ఫ్యూజేరియం అనే బూజుతో ఎందరికో కంటి పుండ్లు వచ్చాయి కాబట్టి. అప్పుడు బయటపడ్డ అలవాటు ఒకటి ఇప్పటికీ మన పీజీల్లో ఉంది. నిన్నటి సొల్యూషన్ డబ్బాలో మిగిలే ఉంది కదా అని దాని మీదే కొంచెం పోసుకోవడం. నిన్నటి దానిలో చంపే శక్తి అయిపోయింది, దానికి కొత్తది కలిపితే కొత్తదీ పల్చబడుతుంది. సీసా ఖరీదు నాకు తెలుసు, నెలాఖరులో పిల్లలు ఎందుకు అలా చేస్తారో కూడా తెలుసు. అంత ఇబ్బంది అయితే ఆ వారం కళ్లద్దాలతో నడిపించాలి గాని సొల్యూషన్‌లో పొదుపు చేయకూడదు.

మెడికల్ షాపు చుక్కల గురించి ఇంకొంచెం గట్టిగా చెప్పాలి. ఒకరోజు తగ్గి తర్వాత ఎక్కువైందని రాశావు, అది చదవగానే నా గుండె జారింది. ఎరుపుకు అని షాపుల్లో చేతికిచ్చే చుక్కల్లో చాలాసార్లు యాంటిబయాటిక్‌తో పాటు స్టెరాయిడ్ కలిసి ఉంటుంది, డెక్సామెథసోన్ లాంటిది. నీ సీసా మీద ఆ పేరు ఉందేమో చూడు. స్టెరాయిడ్ ఎరుపును, నొప్పిని అణుస్తుంది, ఎందుకంటే అది మన శరీరం చేసే పోరాటాన్నే అణుస్తుంది. పైకి నెమ్మదించినట్టు ఉంటుంది, లోపల సూక్ష్మజీవికి అడ్డు తొలగిపోతుంది. బూజుకు, అకాంతమీబాకు అయితే అది పిలిచి అన్నం పెట్టినట్టే. మదురై అరవింద్ కంటి ఆసుపత్రివాళ్లు అమెరికా డాక్టర్లతో కలిసి, బ్యాక్టీరియా పుండు అని ల్యాబ్‌లో రుజువైన 500 మంది మీద చూశారు. ముందు సరైన యాంటిబయాటిక్ వేసి, ఆ తర్వాత డాక్టర్ల కళ్ల ముందే స్టెరాయిడ్ ఇచ్చినా, మూడు నెలల తర్వాత చూపులో మొత్తం మీద లాభం కనబడలేదని 2012లో తేల్చారు. అంత జాగ్రత్తగా ఇస్తేనే లాభం కనబడని మందు, ఏ జబ్బో తెలియకుండా కౌంటర్ మీద కొనుక్కుని వేసుకుంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. చనుబాలు, ఆముదం, పూల రసం, తేనె, ఇవీ అంతే. పెట్టే చేతిలో ప్రేమే ఉంటుంది, కానీ పుండు ఉన్న కంట్లో అవి వెయ్యకూడదు.

ఆసుపత్రిలో ఏం చేస్తారో ముందే తెలిస్తే టెన్షన్ తగ్గుతుంది కాబట్టి చెప్తున్నాను. నారింజ రంగు కాగితపు ముక్క కంటికి తాకించి నీలి వెలుతురులో చూస్తారు, పైపొర ఊడిన మేర పచ్చగా మెరుస్తుంది, పుండు కొలత తీస్తారు. తర్వాత మత్తు చుక్కలు వేసి పుండు అంచు నుంచి, అడుగు నుంచి కొంచెం గీకి తీస్తారు. వినడానికి భయంగా ఉంటుంది గాని మత్తు చుక్కల వల్ల నొప్పి తెలియదు, కదలకుండా ఉంటే చాలు. గీకినదాన్ని గాజు పలకల మీద రాసి అప్పటికప్పుడు మైక్రోస్కోపు కింద బ్యాక్టీరియానా, బూజా, అమీబానా చూస్తారు, మిగిలింది కల్చర్‌కు, అంటే ల్యాబ్‌లో పెంచి చూడ్డానికి, పెడతారు. బ్యాక్టీరియా ఒకటి రెండు రోజుల్లో పెరిగి కనబడుతుంది, బూజుకు వారం పైన కూడా పట్టొచ్చు. గీకడం వద్దు, ఊరికే చుక్కలు ఇవ్వండి అని డాక్టర్‌ని బతిమాలొద్దు. ఎందుకంటే మూడింటికీ మందులు వేరు. బ్యాక్టీరియాకు మాక్సిఫ్లాక్సాసిన్ లాంటివో, ఆసుపత్రిలోనే గాఢంగా కలిపి ఇచ్చే యాంటిబయాటిక్ చుక్కలో ఇస్తారు. బూజుకు నాటమైసిన్, ఫ్యూజేరియం మీద అది వొరికొనజోల్ కంటే బాగా పనిచేస్తుందని 2013లో మన దక్షిణాది రోగుల మీద చేసిన ట్రయల్‌లోనే తేలింది. అమీబాకు పీహెచ్‌ఎమ్‌బీ, క్లోర్‌హెక్సిడిన్ చుక్కలు, అవి నెలల తరబడి వెయ్యాలి.

మొదటి రెండు రోజులు కష్టం. గంటకో చుక్క, రాత్రి కూడా. ఇక్కడే చాలామంది జారిపోతారు. పగలంతా వేసి రాత్రి పన్నెండు నుంచి ఆరు దాకా నిద్రపోతే ఆ ఆరు గంటలూ సూక్ష్మజీవివే. ఒక్కదానివే అయితే చేతకాదు, నొప్పికి మాత్రలు వేసుకుంటే కళ్లు మూతలు పడతాయి. అమ్మకు ఫోన్ చెయ్యి, నెల్లూరు నుంచి మూడు నాలుగు గంటల ప్రయాణమే కదా, వచ్చేస్తుంది. కంగారు పడుతుందని దాచొద్దు. అమ్మ వచ్చేదాకా రూమ్మేట్, నువ్వు వంతులు వేసుకుని అలారం పెట్టుకోండి. మంచం ఖాళీ ఉంటే ఆసుపత్రిలోనే చేర్చుకోమని అడుగు, అందులో నామోషీ లేదు. మందు వేసే ముందు ప్రతిసారీ చేతులు సబ్బుతో కడిగి తుడుచుకోవాలి, సీసా మూతి రెప్పకు తగలకూడదు, రెండు రకాల చుక్కలు ఇస్తే మధ్యలో ఐదు నిమిషాలు ఆగాలి. రెండో రోజుకే నొప్పి మాయమవ్వాలని ఎదురుచూడొద్దు. పుండు పెరగడం ఆగితే, అంచులు మొద్దుబారితే మందు పట్టిందని డాక్టర్ చెప్తారు, ఎరుపు తగ్గడం ఆ తర్వాత. ఆపమని వాళ్లు చెప్పేదాకా ఏ చుక్కా ఆపొద్దు.

తొందరగా పట్టుకుంటే చాలామందికి చూపు బాగానే తిరిగొస్తుంది, ఇది ధైర్యం కోసం చెప్పే మాట కాదు, రోజూ చూస్తున్నదే. నీ చుక్క ఆవగింజంత అన్నావు, నడుమ ఉందా పక్కకు ఉందా రాయలేదు, పక్కకు ఉంటే ఇంకా మంచిది. నాలుగు రోజులు పోయాయని కుమిలిపోవద్దు, ఈ సాయంత్రం మాత్రం పోనివ్వకు.

లెన్స్ తీసెయ్యకుండా మర్నాడు కూడా ఎందుకు పెట్టుకున్నావో నువ్వు రాసిన ఒక్క ముక్కలో తెలిసింది. కళ్లద్దాలు పాతవి, మైనస్ మూడు పవర్‌వి, ఒక కాడ విరిగింది. ఇది నేను ఎంతమంది దగ్గర విన్నానో. లెన్సులు వాడే ప్రతి ఒక్కరి దగ్గరా ఇప్పటి పవర్‌తో ఒక జత కళ్లద్దాలు ఉండి తీరాలి, ఖరీదైన ఫ్రేమ్ అక్కర్లేదు. అవి లేకపోబట్టే కన్ను ఎర్రబడినా లెన్స్ లాక్కుని పెట్టుకుంటారు, లేకపోతే స్క్రీన్ కనబడదు కదా. నేను లెన్సులు అమర్చేటప్పుడు కళ్లద్దాలు చూపించమంటాను, లేకపోతే ముందు అవి చేయించుకురమ్మంటాను, దానికి కోపం తెచ్చుకుని వెళ్లిపోయినవాళ్లు కూడా ఉన్నారు.

ఇక పెళ్లి. పై ఆదివారానికి లెన్సులు లేవు తల్లీ, ఆ కంటికీ లేవు, రెండో కంటికీ లేవు. కంటికి కాటుక కూడా వద్దు. పెళ్లికి కట్టుకునే చీరకు తగ్గ రంగు లెన్సులు ఆన్‌లైన్‌లో తెప్పించుకుందామనుకున్నాను అని కూడా రాశావు, అవి ఇప్పుడే కాదు, ఎప్పుడూ కొలత తీయించుకోకుండా కొనొద్దు. పవర్ లేని రంగు లెన్స్ అయినా కార్నియాకు అది లెన్సే, వంపు సరిపోకపోతే గీస్తుంది. పెళ్లికి వెళ్లాలో వద్దో కూడా డాక్టర్ మాటే, గంటగంటకీ చుక్కలు వేసే దశలో ఉంటే ప్రయాణం ఒప్పుకోరు. పిన్నికి ముందే ఫోన్ చేసి చెప్పు.

మళ్లీ ఎప్పుడన్నా లెన్సులు పెట్టుకోవచ్చా అంటే, చాలామంది పెట్టుకుంటారు. పుండు పూర్తిగా మాని, మందులన్నీ ఆగి, డాక్టర్ సరేనన్నాక, పవర్ మళ్లీ చూపించుకుని, మచ్చ వల్ల వంపు మారిందేమో కొలిపించుకుని. అప్పుడు నెలవారీవి కాకుండా రోజూ పారేసేవి తీసుకో. ఖర్చు ఎక్కువే, కానీ డబ్బా లేదు, సొల్యూషన్ లేదు, కుళాయి దగ్గరికి వెళ్లే పనే లేదు. 2022లో లండన్‌లో ఒక అధ్యయనంలో మళ్లీ మళ్లీ వాడే లెన్సులవాళ్లకు, రోజూ పారేసేవి వాడేవాళ్లతో పోలిస్తే అకాంతమీబా ప్రమాదం దాదాపు నాలుగు రెట్లు అని తేలింది. రోజూ అవే అవసరం లేదు, వారంలో నాలుగు రోజులు కళ్లద్దాలు, మిగతా రోజుల్లో లెన్సులు పెట్టుకుంటే ఖర్చూ సర్దుకుంటుంది. నెలవారీవే వాడాల్సి వస్తే ప్రతిరాత్రీ తాజా సొల్యూషన్‌తో అరచేతిలో వేలితో రుద్ది కడగాలి, రుద్దక్కర్లేదని సీసా మీద రాసి ఉన్నా రుద్దాలి. డబ్బాను సొల్యూషన్‌తోనే కడిగి, టిష్యూతో తుడిచి, మూతలు తీసి బోర్లించి ఆరబెట్టాలి, బాత్రూమ్‌లో కాదు, మూడు నెలలకోసారి పారేసి కొత్తది తెచ్చుకోవాలి. నైట్ షిఫ్ట్ రోజుల్లో ఇంటికి వచ్చాక తీద్దాం అనుకుంటే మంచం మీద పడగానే నిద్ర పట్టేస్తుంది, కాబట్టి క్యాబ్ ఎక్కే ముందే ఆఫీసులో చేతులు కడిగి, పొడిగా తుడుచుకుని లెన్సులు తీసి కళ్లద్దాలు పెట్టుకుని ఎక్కు.

డాక్టర్ ఏమన్నారో, గీకి చూస్తే ఏం వచ్చిందో, ఏ చుక్కలు రాశారో వీలున్నప్పుడు రాయి, రూమ్మేట్‌తో రాయించినా సరే. రాత్రి పన్నెండు దాకా మేలుకునే ఉంటాను.